మా బావ మారాడా, పార్టీ మారిందా?

ఇది 2024 అక్టోబర్‌లో, అమెరికా అధ్యక్ష ఎన్నికకి ముందు రాసినది. సలహా అడుగుతూ ఈసారి ఉత్తరం అమెరికాలోని జార్జియా రాష్ట్రం నుంచి వచ్చింది. ప్రింటు తీస్తే ఏడు పేజీలు. దానికి తోడు తాను వాట్సాప్ గ్రూపులో పెట్టిన మెసేజ్‌ని కూడా జతచేశారు, అది మరో రెండు పేజీలు. మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేసి సారాంశం ఇస్తున్నాను.

రాసినాయనకు నలభై తొమ్మిదేళ్లు. సొంతూరు పల్నాడులో. 2001లో హెచ్‌-1బీ మీద అట్లాంటా వచ్చారు. 2009లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయింది. అప్పటికే గ్రీన్‌కార్డు చేతికొచ్చింది కాబట్టి దేశం వదలాల్సిన పని పడలేదు గానీ, ఉన్న ఇల్లు వదలాల్సి వచ్చింది. భార్యనీ మూడేళ్ల కూతురినీ తీసుకుని అక్కగారింటి బేస్‌మెంట్‌లో ఎనిమిది నెలలు ఉన్నారు. ఆ తర్వాత బావ ఇచ్చిన నలభై వేల డాలర్లతో గ్రానైట్ వ్యాపారం మొదలుపెట్టారు. మన చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ పలకల్ని కంటైనర్లలో తెప్పించి, కిచెన్ కౌంటర్‌టాప్‌లుగా కోసి బిగిస్తారు. వ్యాపారం నిలబడింది. అందులో బావ వాటా 35 శాతం.

ఈయనా బావా రిపబ్లికన్ పార్టీ మనుషులు. రాజకీయంగా ఈయన తనను 'లిబర్టేరియన్ వాసన గల కన్సర్వేటివ్' అని చెప్పుకుంటారు. అర్థం ఆయన మాటల్లోనే: "ప్రభుత్వం నా జేబు జోలికీ, నా పొలం జోలికీ, నా పడగ్గది జోలికీ రాకూడదు. రోడ్డు వెయ్యి, దొంగని పట్టుకో, కోర్టు నడుపు, మిగతాది మమ్మల్ని చూసుకోనీ." ఈ చదువు చెప్పింది బావే. 2012లో రిపబ్లికన్ పార్టీ తన అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీల రోజుల్లో, చిన్న ప్రభుత్వమే చాలనే నాయకుడు రాన్ పాల్ ప్రసంగాలు కారులో పెట్టి వినిపించేవాడట. వినగానే ఎక్కడానికి ఇంట్లో పునాది కూడా ఉంది. తాతగారు రైతు నాయకుడు రంగాగారి మనిషి. స్వతంత్ర పార్టీ నక్షత్రం గుర్తుకి ఊళ్లో ప్రచారం చేసిన రైతు. ఆయన నాలుగెకరాలు 'ప్రజా ప్రయోజనం' పేరుతో 1894 నాటి భూసేకరణ చట్టం కింద పోయాయి. పరిహారం కోసం కోర్టు చుట్టూ తిరుగుతూనే పోయారు.

ఇక గొడవ. 2024 సెప్టెంబర్ 10న, వినాయక చవితి పందిరి ఇంకా తీయకముందే, అధ్యక్ష పదవికి పోటీపడుతున్న రిపబ్లికన్ ట్రంప్, డెమొక్రాట్ హారిస్‌ల డిబేట్ చూడ్డానికి బావగారి బేస్‌మెంట్‌లో పాతికమంది పోగయ్యారు. పులిహోర తింటూ అందరూ ట్రంప్ మాటకల్లా చప్పట్లు కొడుతుంటే ఈయన ఉండబట్టలేక, "మీరు చప్పట్లు కొడుతున్నాయన కన్సర్వేటివ్ కాదు" అన్నారు. మాటా మాటా పెరిగింది. ఆ రాత్రి నిద్రపట్టక, రెండు వందల మంది ఉన్న గ్రూపులో పెద్ద మెసేజ్ పెట్టారు. పొద్దున్నకల్లా డెమొక్రాట్ మిత్రులు దాన్ని ఊరంతా పంచారు. బావ గ్రూపులోంచి బయటికెళ్లారు. వారం తర్వాత ఒకే ఒక్క వాక్యం ఈమెయిల్ పంపారు: "లెక్కలు తేల్చుకుందాం."

అక్క ఫోన్ చేసి ఏడుస్తోంది. భార్య, "ఓటు రహస్యం అంటారు కదా, నోరు కూడా కాస్త రహస్యంగా ఉంచుకోలేకపోయారా?" అంటోంది. మొదటిసారి ఓటెయ్యబోతున్న కూతురు, "ఇంత తిట్టి కూడా హారిస్‌కి వెయ్యనంటావేం నాన్నా, నీది ఉత్త మాటలేనా?" అని నిలదీస్తోంది. చివర్లో ఇలా ముగించారు: "సూత్రాన్ని వదులుకోనా, బావని వదులుకోనా? అసలు మారింది మా బావా, మా పార్టీయా?"

*

మీ రెండు పేజీల మెసేజ్‌ని ముందు మీ బావగారి కళ్లతో కాకుండా నా కళ్లతో చదివాను. నేను ఈ దేశానికి మీకన్నా పదేళ్ల ముందొచ్చాను. మీ పార్టీ మనిషిని కాను. అయినా చెప్తున్నా, మీ విమర్శలో పస ఉంది. తెలుగువాళ్ల గ్రూపుల్లో వచ్చే రాజకీయ మెసేజ్‌లలో ఇంత చదివి రాసినవి అరుదు.

సుంకాల మాటే చూడండి. అన్ని దిగుమతుల మీదా పది నుంచి ఇరవై శాతం, చైనా సరుకు మీద అరవై శాతం వేస్తానని ట్రంప్ అంటున్నారు. 2024 అక్టోబర్ 15న చికాగోలో మాట్లాడుతూ నిఘంటువులో టారిఫ్ కన్నా అందమైన మాట లేదన్నారు. ఆ డబ్బు విదేశాలు కడతాయన్నది ఆయన వాదన. సవానా రేవులో మీ కంటైనర్ దిగినప్పుడు కస్టమ్స్‌కి డబ్బు కట్టేది చీమకుర్తి క్వారీ యజమాని కాదని మీకు తెలిసినంతగా ఏ ఆర్థికవేత్తకీ తెలియదు. కట్టేది మీరు. మీ తర్వాత, వంటింట్లో కొత్త గట్టు వేయించుకునే ఆల్ఫరెట్టా ఇల్లాలు. ఇరవై వేల డాలర్ల సరుకు మీద ఇరవై శాతం అంటే నాలుగు వేలు అని లెక్క కట్టి మరీ చూపించారు. అక్కడితో ఆగకుండా అసలు ముడి పట్టుకున్నారు. పన్ను వేసే అధికారం రాజ్యాంగం అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌కి ఇచ్చింది, 1962 నాటి వాణిజ్య చట్టం లాంటివాటితో కాంగ్రెసే దాన్ని కొంత అధ్యక్షుడి చేతిలో పెట్టింది, 2018లో ఉక్కు మీద 25, అల్యూమినియం మీద 10 శాతం సుంకం వచ్చింది ఆ దారినే. ఒక్క మనిషి సంతకంతో పన్ను పడే ఏర్పాటుని చిన్న ప్రభుత్వం కోరేవాళ్లు ఎలా మెచ్చుకుంటారన్న మీ ప్రశ్నకి ఆ బేస్‌మెంట్‌లో ఎవరూ జవాబు చెప్పలేదని రాశారు. చెప్పలేరు కూడా.

భూమి సంగతి దగ్గర మీ చెయ్యి వణికినట్టుంది, వాక్యాలు పొట్టివయ్యాయి. అట్లాంటిక్ సిటీలో ఒక వితంతువు ఇల్లు. పక్కనే ట్రంప్ కాసినో. అక్కడికొచ్చే లిమోజిన్లు ఆపుకోడానికి జాగా కావాలి. ఆవిడ అమ్మనంది. న్యూజెర్సీ కాసినోల అభివృద్ధి సంస్థ ప్రభుత్వాధికారంతో ఆ ఇల్లు తీసుకోబోయింది. 1998లో జడ్జి కుదరదన్నాడు. ఆ తర్వాత 2005లో కనెక్టికట్‌లోని న్యూ లండన్ కేసులో సుప్రీంకోర్టు 5-4తో, ప్రైవేటు కంపెనీల అభివృద్ధి పథకం కోసం కూడా సర్కారు ఇళ్లు తీసుకోవచ్చని తీర్పిస్తే, కన్సర్వేటివ్‌లంతా గగ్గోలు పెట్టారు. ట్రంప్ మాత్రం ఆ తీర్పుతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తున్నానన్నారు. ఇక్కడ మీరు రాసిన మాటని యథాతథంగా ఇస్తున్నా: "మా తాత నాలుగెకరాలు తీసుకున్నప్పుడు కలెక్టరాఫీసు గుమాస్తా కూడా ఇదే మాట అన్నాడు, అంతా మీ మంచికే అని." దీన్ని కొట్టిపారేసేవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకి సొంత భూమి పోయిన అనుభవం లేదనుకోవాలి.

అప్పు లెక్కలో ఒక్కచోట మీరు తొందరపడ్డారు. 2017 జనవరిలో సుమారు ఇరవై లక్షల కోట్ల డాలర్లున్న జాతీయ రుణం నాలుగేళ్లలో ఇరవై ఏడున్నర దాటిందని రాశారు. నిజమే. అందులో కోవిడ్ ఖర్చు పెద్ద ముక్క అని మీరు రాయలేదు. రాసి, "కోవిడ్‌కి ముందే, 2019లోనే లోటు లక్ష కోట్ల డాలర్లకి దగ్గరపడింది" అని ఉంటే వాదం ఇంకా గట్టిపడేది. అవతలివాడికి అనుకూలమైన నిజాన్ని మనమే ముందు చెప్తే వాడి నోటికి పని తగ్గుతుంది.

ఇంతవరకూ మీతోనే ఉన్నాను. ఇప్పుడు కొంచెం పక్కకి జరుగుతున్నా.

పార్టీ మారిందా అని అడిగారు. 2015లో ఉన్న పార్టీతో పోలిస్తే మారింది, చాలా మారింది. కానీ మీ ఉత్తరంలో ఒక స్వర్ణయుగం ఉంది, ఒకప్పటి రిపబ్లికన్ పార్టీ స్వేచ్ఛా వాణిజ్యానికీ చిన్న ప్రభుత్వానికీ కట్టుబడి బతికినట్టు. అలాంటి కాలం ఎప్పుడుందో నాకు కనపడలేదు. 1930లో సుంకాలు పెంచిన బిల్లు మీద వెయ్యి మందికి పైగా ఆర్థికవేత్తలు వద్దని మొత్తుకున్నా సంతకం పెట్టిన హూవర్ రిపబ్లికనే. 1971లో జీతాలనీ ధరలనీ సర్కారు ఉత్తర్వుతో స్తంభింపజేసిన నిక్సన్ రిపబ్లికనే. మీకు దేవుడితో సమానమైన రీగన్ హయాంలోనే 1981లో జపాన్ కార్ల దిగుమతికి పరిమితి పడింది. 2002లో ఉక్కు మీద 30 శాతం దాకా సుంకం వేసింది బుష్. మీరు ప్రేమించింది పార్టీలో ఒక గదిని. ఆ గదే ఇల్లని బావ చెప్పాడు, మీరు నమ్మారు. పార్టీకి వేరే గదులు మొదట్నుంచీ ఉన్నాయి. ఇప్పుడు వాటిలోవాళ్లు హాల్లోకొచ్చి కూర్చున్నారు.

మీ తాతగారి నక్షత్రం సంగతి గుర్తు చేసుకోండి. 1959లో రాజాజీ, రంగా స్వతంత్ర పార్టీ పెట్టారు. అధ్యక్షుడు మీ గుంటూరు జిల్లా రంగాగారే. పర్మిట్ లైసెన్స్ రాజ్యం వద్దు, సహకార వ్యవసాయం పేరుతో రైతు భూమి లాక్కోవద్దు అన్నది వాళ్ల మాట. 1967లో లోక్‌సభలో 44 సీట్లొచ్చాయి. 1971లో ఇందిరాగాంధీ 'గరీబీ హటావో' అన్న రెండు మాటలతో ఊళ్లమీద పడితే ఆ 44 కాస్తా 8 అయ్యాయి. మూడేళ్లు తిరిగేసరికి పార్టీయే వేరే పార్టీలో కలిసిపోయింది. రంగాగారు తిరిగి కాంగ్రెస్‌కే వెళ్లి, 1980లో అదే ఇందిర పార్టీ టికెట్టు మీద గుంటూరు నుంచి గెలిచారు. మీ తాతగారు అప్పుడేమన్నారో మీ నాన్నగారిని ఎప్పుడైనా అడిగారా? రంగాగారిని తిట్టారా, ఆయన ఫొటో గోడమీంచి తీసేశారా, అలాగే ఉంచారా? నాకైతే ఆ జవాబు తెలుసుకోవాలనుంది. మీకు ఇంకా ఎక్కువ అవసరం. ఎందుకంటే మీ ఉత్తరం పైకి ట్రంప్ గురించే అయినా, ఏడు పేజీల్లో 'ట్రంప్' కన్నా 'బావ' అన్న మాటే ఎక్కువసార్లుంది. సరదాకి లెక్కపెట్టాను.

మీకు పాఠం చెప్పిన మాస్టారు, మీతో ఒక్కమాట అనకుండా పాఠం మార్చేశాడు. మీ కోపంలో సగం అదేనని నా అనుమానం. ఆ కోపం ఒకచోట బయటపడింది కూడా. గొడవంతా విధానాల మీదే అని ఉత్తరంలో రాశారు. మీరే జతచేసిన మెసేజ్‌లో, మూడో పేరాలో, ఈ వాక్యం ఉంది: "ఒకప్పుడు మాకు స్వేచ్ఛ గురించి క్లాసులు పీకిన పెద్దమనుషులు ఇవాళ ఎర్రటోపీ పెట్టుకుని మందలో గొర్రెల్లా తలూపుతున్నారు." ఎర్రటోపీ ట్రంప్ అభిమానుల గుర్తు. పేరు రాయలేదన్నది మీ సమర్థన కావచ్చు. ఆ రెండు వందల మందిలో రాన్ పాల్ ప్రసంగాలు వినిపించిన పెద్దమనిషి ఒక్కడే అని అందరికీ తెలుసు. ఆ మాట ఆయన పిల్లనిచ్చిన వియ్యాలవారు చదివుంటారు, ఆయన ఆఫీసులో ఆయన కింద పనిచేసే కుర్రాళ్లు చదివుంటారు. 'లెక్కలు తేల్చుకుందాం' అన్న ఈమెయిల్ సుంకాల మీద మీ వాదానికి జవాబు అనుకుంటున్నారు మీరు. నేను మాత్రం గొర్రె అన్న మాటకి జవాబు అనుకుంటున్నాను.

బావగారి వైపు నుంచి ఇంకో రెండు ముక్కలు మీ ఉత్తరంలోనే దొరికాయి. మీరు వాటిని ఎగతాళిగా రాశారు, నేను ఎగతాళి లేకుండా చదివాను. గ్రీన్‌కార్డు కోసం పదకొండేళ్లు వరసలో నిల్చున్న మనిషి ఆయన. సరిహద్దు దగ్గర వరస లేకుండా వస్తున్నవాళ్లని టీవీలో చూసినప్పుడల్లా ఆయనకి ఆ పదకొండేళ్లు గుర్తొస్తాయి. ఆ ఉక్రోషానికి మాటలిచ్చిన మొదటి నాయకుడు ట్రంప్. ఇక రెండోది, ఆయనది పశ్చిమ గోదావరి. జూలైలో జేడీ వాన్స్‌ని ఉపాధ్యక్ష అభ్యర్థిగా ప్రకటించినప్పుడు, ఆయన భార్య ఉషా చిలుకూరి మూలాలు వడ్లూరులో ఉన్నాయని తెలిసి, "మా ఊరికి కూతవేటు దూరం" అంటూ స్వీట్లు పంచారట. జిల్లా అభిమానంతో ఓటెయ్యడం సూత్రం కాదని మీరు దెప్పారు. సరే, కాదు. కానీ పాతికేళ్లుగా ఈ దేశంలో పేరు సరిగ్గా పలికించుకోడానికే తిప్పలు పడ్డ మనిషికి, పక్కూరి పిల్ల ఆ వేదిక మీద కనిపిస్తే ఏమవుతుందో మీరు ఊహించలేరా? ప్రజాకర్షక నాయకులు మూర్ఖుల్ని మోసం చేసి గెలుస్తారని రాశారు. అది సగమే. మిగతా సగం, వేరేవాళ్లు ఎవ్వరూ పట్టించుకోని బాధ ఒకటి వాళ్లు పట్టుకుంటారు. మందు తప్పయినా నొప్పి నిజమే. నొప్పే లేదనేవాడి మాట రోగి వినడు.

ఇప్పుడు ఓటు సంగతి. ఎవరికి వెయ్యమని చెప్పను. అది నా పని కాదు, చెప్పినా మీరు వినే రకం కాదు. మీ రాష్ట్రంలోనే మీలాంటి ఇరకాటంలో పడ్డ రిపబ్లికన్లు తలా ఒక దారి పట్టారు, ఆ దారులు ఎక్కడికి చేరాయో కళ్లముందే ఉంది కాబట్టి అదొకసారి చూద్దాం.

గవర్నర్ కెంప్, ఎన్నికలు చూసే రాష్ట్ర కార్యదర్శి రాఫెన్స్‌పర్గర్. 2020లో జార్జియాలో ట్రంప్ 11,779 ఓట్లతో ఓడిపోయారు. ఇంకో 11,780 ఓట్లు వెతకమని 2021 జనవరి 2న ఆయనే ఫోన్ చేసి అడిగితే రాఫెన్స్‌పర్గర్ ఒప్పుకోలేదు. ఫలితాన్ని మార్చడానికి కెంప్ కూడా ఒప్పుకోలేదు. ఇద్దరూ పార్టీ వదల్లేదు. 2022 ప్రైమరీల్లో ట్రంప్ నిలబెట్టిన పోటీదారుల్ని ఓడించి మళ్లీ గెలిచారు. కెంప్ ఇప్పుడు ట్రంప్‌కే ఓటేస్తానంటున్నారు, 2024 ఆగస్టులో అట్లాంటా సభలో ట్రంప్ తనని పేరుపెట్టి తిట్టిపోసిన తర్వాత కూడా. ఈ దారిలో వెళ్తే ఇల్లు మీదే ఉంటుంది, రేపు పార్టీ మళ్లీ తిరిగినప్పుడు మాట్లాడే హక్కూ ఉంటుంది. ధర ఏమిటంటే, మీరు రెండు పేజీలు రాసిన సుంకాల కిందే మీ సంతకం కూడా పడుతుంది. రేపు సరుకు మీద నాలుగు వేలు కట్టేటప్పుడు గొణుక్కోవచ్చు గానీ అరవలేరు.

జెఫ్ డంకన్ మీ కౌంటీ మనిషే. 2023 జనవరి దాకా రిపబ్లికన్ లెఫ్టినెంట్ గవర్నర్. ఆయన రెండో ఒడ్డుకే వెళ్లిపోయి, ఆగస్టులో డెమొక్రాట్ల మహాసభలో హారిస్ తరఫున మాట్లాడారు. మీ అమ్మాయి మిమ్మల్ని అడిగేది ఇదే. ట్రంప్ మళ్లీ రాకూడదన్నదే మీకు అన్నిటికన్నా ముఖ్యమైతే, ఈ రాష్ట్రంలో సూటిదారి ఇదొక్కటే. కాకపోతే హారిస్ చెప్పే సరుకుల ధరల కట్టడి, మొదటిసారి ఇల్లు కొనేవాళ్లకి పాతిక వేల డాలర్ల సాయం, అపర కుబేరులు ఇంకా అమ్మకుండా ఉంచుకున్న ఆస్తి విలువ పెరిగితే ఆ పెరుగుదల మీద కూడా పన్ను, ఇవన్నీ మీ ఒంటికి పడవు. నిక్సన్‌ని తప్పుపట్టే నోటితో ధరల కట్టడికి ఓటెయ్యడం మీకు కష్టమే. అలా వేసినవాళ్లు పాత మిత్రుల్ని పోగొట్టుకుంటున్నారు, కొత్తవాళ్లు ఎన్నికల తర్వాత ఎన్నాళ్లుంటారో తెలియదు. మీ మెసేజ్ పంచిపెట్టిన డెమొక్రాట్ మిత్రులు అందులో పన్నుల పేరా కత్తిరించి పంచారని మీరే రాశారు కదా.

ఇక లిబర్టేరియన్ పార్టీ ఉంది. దాని అభ్యర్థి చేజ్ ఆలివర్ కూడా మీ జార్జియావాడే. 2022 సెనెట్ ఎన్నికలో రెండు శాతం పైన తెచ్చుకుని, ఎవరికీ సగం రాకుండా చేసి, డిసెంబర్‌లో రెండో విడత పెట్టించిన మనిషి. అధ్యక్ష ఎన్నికకి ఇక్కడ అలాంటి రెండో విడత లేదు, ఒక్క ఓటు ఎక్కువొచ్చినా రాష్ట్రం మొత్తం వాళ్లదే. 2020లో లిబర్టేరియన్ అభ్యర్థికి జార్జియాలో 62 వేల పైచిలుకు ఓట్లొచ్చాయి, గెలుపు తేడా పన్నెండు వేల లోపు. కాబట్టి ఇటు వేస్తే ఓటు వృథా అనేవాళ్ల మాట అబద్ధం. అది ఎటో ఒకటు బరువు వేస్తుంది. ఎటో మీరు ఎంచుకోలేరు, అంతే. మనస్సాక్షికి హాయిగా ఉంటుంది. ఫలితానికి నాకు సంబంధం లేదనడం మాత్రం కుదరదు. టెక్సాస్‌లో ఉన్న మీ తమ్ముడికి ఈ తలనొప్పి లేదు, 1976 తర్వాత అధ్యక్ష ఎన్నికల్లో అక్కడ డెమొక్రాట్ గెలిచింది లేదు. మీరు ఉండేది జార్జియా.

బ్యాలెట్‌లో పైనుండే అధ్యక్ష పదవి గడి ఖాళీగా వదిలేసి కింది పదవులకి మాత్రం ఓటెయ్యడమూ ఉంది. ఎవరికీ తెలియని దారి అది. మీ శ్రీమతి సలహాకి దగ్గరగా ఉంటుంది. రాన్ పాల్ పేరు చేత్తో రాస్తానని చివర్లో ఓ మాట విసిరారు. జార్జియాలో ముందుగా నమోదైన పేర్లు రాస్తేనే లెక్కపెడతారు, కాబట్టి అది కూడా ఖాళీ వదిలినట్టే.

అమ్మాయి విషయంలో ఒక్కటే చెప్తాను. ఆమె మిమ్మల్ని వేషధారి అనలేదు, అయోమయంలో ఉన్నారంటోంది. ఆ అయోమయాన్ని దాచకుండా ఆమె ముందు పెట్టండి. ఏ విషయం మీకు ఎంత బరువో, దేన్ని దేనికోసం వదులుకోగలరో చెప్పండి. ఆమె ఎవరికి వేసిందో అడక్కండి. ప్రభుత్వం పడగ్గదిలోకి రాకూడదన్న మనిషి కూతురి ఓటు డబ్బాలోకి తొంగి చూడకూడదు.

ఇక బావ. ఇక్కడ మీ ముందు ఉన్నవి రాజకీయ దారులు కావు. పంపకం చేసుకోవచ్చు. ఆయన 35 శాతానికి ఒక అకౌంటెంట్‌తో విలువ కట్టించి, లాయర్‌ని పెట్టి, బ్యాంకు అప్పు తెచ్చి కొనెయ్యొచ్చు. మీ కంపెనీ (ఎల్‌ఎల్‌సీ) ఒప్పందంలో వాటాదారు బయటికెళ్తే ఏం చెయ్యాలో రాసుకున్నారా? 2010లో వంటింటి బల్ల మీద రాసుకున్న కాగితమని అన్నారు కాబట్టి రాసుకోలేదనే అనుకుంటాను. రాజీ పడినా సరే, ఆ కాగితం మాత్రం ఈ ఏడాదే సరిచేయించుకోండి. కానీ కోపంలో విలువ కట్టిస్తే ఇద్దరికీ తక్కువే కనపడుతుంది, ఇప్పటి వడ్డీకి తెచ్చిన అప్పు మిమ్మల్ని నాలుగేళ్లు నిద్రపోనివ్వదు, అక్క మాత్రం రెండిళ్ల మధ్యా నిలబడి ఉంటుంది.

నవంబర్ 5 ఎన్నిక దాకా నోరు కట్టేసుకుని, తర్వాత అదే సర్దుకుంటుందని చూడొచ్చు. చాలా ఇళ్లలో ఇదే జరుగుతుంది. నాకు దీనిమీద నమ్మకం తక్కువ. ట్రంప్ గెలిస్తే ఆయన మాట చెల్లినట్టవుతుంది, ఓడితే మీ గొర్రె మాట వల్ల ఓడినంత బాధపడతారు. రెండింటిలో ఏదైనా మీ ఇద్దరి మధ్యా ఆ వాక్యం అలాగే ఉంటుంది.

లేదంటే ఆ ఒక్క వాక్యానికి క్షమాపణ చెప్పొచ్చు. మెసేజ్ మొత్తానికి కాదు. సుంకాల పేరా, భూమి పేరా, అప్పు పేరా మీవి, వాటిని వెనక్కి తీసుకోమని ఆ దేవుడు కూడా అడగడు. మూడో పేరాలో రెండో వాక్యం మాత్రం తప్పు, అది ఎక్కడన్నారో అక్కడే, అంటే ఆ గ్రూపులోనే, వెనక్కి తీసుకోవాలి. చాటుగా చెప్పే క్షమాపణ నలుగురిలో పడ్డ మాటని కడగదు. దీనికీ ధర ఉంది. కొంతమంది "తోక ముడిచాడు" అంటారు. బావ వెంటనే కరగకపోవచ్చు, కరిగినా ట్రంప్ విషయంలో అంగుళం కదలరు. ఆయన్ని కదల్చాలన్న ఆశ ఉంటే ఈ దారి పట్టకండి, రెండో గొడవకి పునాది వేసినవాళ్లవుతారు.

ఒక మాట నొచ్చుకోకుండా వినండి. సొంతకాళ్ల మీద నిలబడ్డ మనిషినని ఉత్తరంలో మూడుచోట్ల రాసుకున్నారు. నాలుగోచోట బేస్‌మెంట్, ఎనిమిది నెలలు, వడ్డీలేని నలభై వేలు ఉన్నాయి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. సర్కారు జోక్యం లేకుండా మనిషికి మనిషి ఇష్టపూర్వకంగా చేసే సాయం మీదే సమాజం నడవాలని మీ సిద్ధాంతం చెప్తుంది కదా. ఆ సిద్ధాంతాన్ని మీ జీవితంలో ఆచరించి చూపించింది ఆయన. ఇవాళ ఆయన ఎవరికి చప్పట్లు కొట్టినా, 2009లో చేసింది మారదు.

అక్కయ్య దీపావళికి పిలిచిందని, వెళ్లాలా వద్దా అని రాశారు. అక్టోబర్ 31న పండుగ, మర్నాడే జార్జియాలో ముందస్తు ఓటింగ్ ఆఖరి రోజు. ఆ ఇంట్లో ఆ రాత్రి టీవీ మోగుతూనే ఉంటుంది, కాబట్టి జనం రాకముందే నాలుగింటికి వెళ్లండి. పిల్లల్ని అక్క దగ్గర వదిలి, గోదాం లెక్కల పుస్తకం పట్టుకుని బావ దగ్గర కూర్చోండి. సుంకాలు పడతాయేమోనని మీకు భయం, పడితే దేశానికి మంచిదని ఆయన నమ్మకం. ఎవరి మాట నిజమైనా రేవులో కట్టాల్సిన డబ్బులో 35 శాతం ఆయనది. సుంకం పడకముందే సరుకు దింపుకోవాలంటే చీమకుర్తికి ఆర్డరు ఇప్పుడే పెట్టాలి. ఎన్ని కంటైనర్లు, ఎవరి డబ్బుతో, అమ్ముడుపోకపోతే ఆ పలకలు ఎక్కడ నిలబెట్టాలి అన్నది మాత్రం మీ ఇద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చుంటే గానీ తేలదు.